ఫ్యాక్టరీకిచ్చే రాయితీకి లెక్క ఎవరు చెప్తారు?

కర్బన ఉద్గారాల మీద ధర అన్న మాట వినగానే ఇది మన పత్రికలో రావలసిన విషయమేనా అన్న సందేహం కలగడం సహజం. గృహహింస, భూమి హక్కు, కూలి రేట్లు, మద్యం వంటివి మన విషయాలు. సిమెంటు ఫ్యాక్టరీ ఎంత పొగ వదలాలి, వదిలినందుకు ఎంత కట్టాలి అన్నది ఢిల్లీలో ఇంజనీర్లూ ఆర్థికవేత్తలూ కూర్చుని తేల్చుకునే సంగతి అనిపిస్తుంది. సంఘాల సమావేశాల్లో నేనీ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "అవన్నీ పర్యావరణం వాళ్ళు చూసుకుంటారు కదా" అంటూంటారు. కానీ గత పదిహేనేళ్ళలో బొగ్గు మీద, బొగ్గు కాల్చే పరిశ్రమల మీద ఈ ధర ఎలా వచ్చిందో, ఎలా సడలిపోయిందో చూస్తే ఇది మనం ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నేనని అర్థమవుతుంది. ఎవరి ఖర్చుని ఎవరు మోస్తున్నారు? మోసేవాళ్ళ శ్రమ, ఆరోగ్యం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎందుకు కనిపించవు?

ముందు విషయం ఏమిటో చూద్దాం. బొగ్గు కాల్చినా, సున్నపురాయి కాల్చినా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అది వాతావరణంలో పోగుపడి భూమిని వేడెక్కిస్తుంది. ఎండలు ముదిరితే, వానలు తప్పితే, తుఫాన్లు పెరిగితే నష్టపోయేది అందరూ. వాయువు వదిలిన ఫ్యాక్టరీకి మాత్రం పైసా ఖర్చు లేదు. వదిలే ప్రతి టన్నుకీ ఎంతో కొంత కట్టమంటే తక్కువ వదిలే పద్ధతులు వెతుక్కుంటారన్నదే ఈ ధర వెనకున్న ఆలోచన. అది పన్ను రూపంలో ఉండొచ్చు. ఇంత వరకే వదలాలి, దాటితే పర్మిట్లు కొనుక్కోవాలి అన్న నియమం రూపంలో ఉండొచ్చు.

మన దేశంలో ఈ రెండూ ఉన్నాయని చాలామందికి తెలియదు. 2010 జూలైలో కేంద్ర ప్రభుత్వం బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్సు పెట్టింది. 2014లో దాన్ని 100, 2015లో 200, 2016లో 400 రూపాయలు చేసింది. స్వచ్ఛమైన ఇంధనాల కోసం ఒక జాతీయ నిధి ఏర్పరచి ఈ డబ్బు అందులో వేస్తామన్నారు. 2010-11 నుంచి 2017-18 దాకా సుమారు 86,400 కోట్ల రూపాయలు వసూలయింది. అందులో ఆ నిధికి చేరింది సుమారు 29,600 కోట్లు. ప్రాజెక్టుల మీద ఖర్చయింది సుమారు 15,900 కోట్లు. మిగతాది ఖజానాలో కలిసిపోయింది. 2017లో జీఎస్టీ వచ్చాక సెస్సు పేరు మారింది, రాష్ట్రాలకిచ్చే నష్టపరిహారానికి మళ్ళింది.

ఈ డబ్బు వసూలవుతున్న కాలంలోనే మన వంటిళ్ళు ఎలా ఉన్నాయి? 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పొగలేని ఇంధనంతో వండుకునే కుటుంబాలు దేశం మొత్తం మీద 58.6 శాతం. పల్లెల్లో అయితే 43.2 శాతమే. అంటే పల్లెల్లో సగానికి పైగా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కట్టెలు, పిడకలు, పంట చెత్త పొగ పీలుస్తూనే వండారు. స్వచ్ఛమైన ఇంధనం పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ములో ఎక్కువ భాగం ఆ పేరుకి చెందిన పనికి పోలేదు. ఈ సెస్సు కథలో మొదటి అన్యాయం ఇది. దీన్ని అడగవలసినంత గట్టిగా మనం అడగలేదు.

రెండో మలుపు 2025 సెప్టెంబరు 22న వచ్చింది. బొగ్గు మీద టన్నుకి 400 రూపాయల సెస్సు ఆ రోజు నుంచి రద్దయింది. దానికి బదులుగా బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పైకి చూస్తే ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టినట్టుంటుంది. కానీ సిమెంటు ఫ్యాక్టరీ లెక్క వేరు. కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీని, అమ్మిన సరుకు మీద కట్టవలసిన జీఎస్టీలోంచి అది మినహాయించుకోవచ్చు. పాత సెస్సుని అలా మినహాయించుకునే వీలు లేదు, అది దాని ఖర్చే. కాబట్టి బొగ్గు కాల్చినందుకు ఆ ఫ్యాక్టరీ నిజంగా భరించిన ధర ఆ రోజుతో పోయింది. ఇంత పెద్ద సడలింపు జరిగితే పత్రికల్లో టీవీ, కారు, సబ్బు ధరల వార్తల మధ్య ఎక్కడో ఒక మూల కనిపించింది.

దీనికి సరిగ్గా పదహారు రోజుల తరవాత, 2025 అక్టోబరు 8న, కేంద్రం ఇంకో నియమాన్ని నోటిఫై చేసింది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించి, దాని కొనసాగింపుగా అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమల్లో 282 యూనిట్లకి లక్ష్యాలు పెట్టారు. వాటిలో 186 సిమెంటువే. ఒక టన్ను సరుకు తయారీకి 2023-24లో ఎంత వాయువు వదిలారో చూసి, 2025-26లో ఇంత, 2026-27లో ఇంత తగ్గించాలన్నారు. తగ్గించినవాళ్ళకి క్రెడిట్లు వస్తాయి, తగ్గించనివాళ్ళు కొనుక్కోవాలి. కొనకపోతే సగటు మార్కెట్ ధరకి రెట్టింపు పరిహారం కట్టాలి.

వినడానికి బాగానే ఉంది. లోపలికి వెళ్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఈ లక్ష్యం టన్ను సరుకుకి మాత్రమే. ఫ్యాక్టరీ ఉత్పత్తిని రెట్టింపు చేస్తే వదిలే మొత్తం వాయువు దాదాపు రెట్టింపు కావచ్చు, అయినా నియమం తప్పినట్టు కాదు. రెండు, లక్ష్యం దాకా వదిలేదానికి పైసా కట్టనక్కర లేదు. అంటే ఉద్గారాల్లో అతి పెద్ద భాగానికి అనుమతి ఉచితం. ఇది రాయితీ అని ఎక్కడా రాయరు. బడ్జెట్ పుస్తకంలో కనిపించదు. కానీ డబ్బు విలువ ఉన్న హక్కుని ఊరికే ఇస్తే అది రాయితీయే.

పరిశ్రమ చెప్పే మాటల్లో నిజం లేదని నేననను. సిమెంటు తయారీలో వెలువడే వాయువులో సుమారు 60 శాతం బొగ్గు వల్ల వచ్చేది కాదు. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా వేడి చేసి క్లింకర్ చేస్తున్నప్పుడు రాతిలోంచే వస్తుంది. బొగ్గు పూర్తిగా మానేసినా అది రాక తప్పదు. అందుకే ప్రపంచం మొత్తం ఉద్గారాల్లో ఏడెనిమిది శాతం సిమెంటువే. కానీ క్లింకర్ వాడకాన్ని తగ్గించే దారులున్నాయి. థర్మల్ కేంద్రాల బూడిద, ఉక్కు ఫ్యాక్టరీల స్లాగు కలపడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపి చేసే సిమెంటుకి భారత ప్రమాణాల సంస్థ 2023లో ప్రమాణం కూడా ఇచ్చింది. మామూలు సిమెంటుతో పోలిస్తే దీనితో మూడో వంతు దాకా ఉద్గారాలు తగ్గించవచ్చు. దారి లేదన్న వాదన నిలవదు. ఆ దారి పట్టవలసిన ఒత్తిడి ఎంత ఉందన్నదే ప్రశ్న.

ఒత్తిడి తగ్గించమని అడిగేటప్పుడు పరిశ్రమ ముందుకు తెచ్చే కారణాలు మూడు. ఉద్యోగాలు పోతాయి, ఇళ్ళు కట్టుకునే పేదలకి సిమెంటు ధర పెరుగుతుంది, మనది పేద దేశం. ఈ మూడింటిలోనూ పేదల పేరుంది. కాస్త నిలబెట్టి చూస్తే పేద స్త్రీల పేరుంది. అందుకే మూడింటినీ మన వైపునుంచి చూడాలి.

మొదటిది ఉద్యోగాలు. మఠంపల్లి, మేళ్ళచెరువు నుంచి దాచేపల్లి, జగ్గయ్యపేట దాకా, అటు ఎర్రగుంట్ల, తాడిపత్రి దాకా మన రెండు రాష్ట్రాల్లో సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. వందల కోట్ల పెట్టుబడి పెట్టిన ఫ్యాక్టరీలో మనుషులు వందల్లోనే ఉంటారు. కొలిమి దగ్గర, కంట్రోల్ రూములో, లేబొరేటరీలో పనిచేసేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళు, చాలామంది బయటినుంచి వచ్చినవాళ్ళు. స్థానిక మగవాళ్ళకి లోడింగులో, ప్యాకింగులో, డ్రైవర్లుగా కాంట్రాక్టు పని దొరుకుతుంది. ఆడవాళ్ళకి దొరికేది ఊడ్చే పని, తోట పని, క్యాంటీన్లో గిన్నెల పని. అదీ కాంట్రాక్టరు కింద. ఈ ప్రాంతంలో ఒక ఊళ్ళో నేను మాట్లాడిన ఒకామె ఒక్క వాక్యంలో తేల్చేసింది: "గేటు లోపలికి మమ్మల్ని రానిచ్చేది ఊడ్వనీకే మేడం, నౌకరికి కాదు."

కానీ గేటు బయట ఆడవాళ్ళు చేసే పని ఉంది. దాన్ని ఏ ఫ్యాక్టరీ రిజిస్టరూ పనిగా రాసుకోదు. రోజుకి రెండుసార్లు ఇంటి ముందు, అటక మీద, తిండి గిన్నెల మీద పడిన దుమ్ము తుడవాలి. మగవాళ్ళ డ్యూటీ బట్టలు విడిగా నానబెట్టి ఉతకాలి. దగ్గే పిల్లల్ని, ఆయాసపడే అత్తమామల్ని పట్టణం ఆసుపత్రికి తిప్పాలి. క్వారీ లోతుకి పోయేకొద్దీ బావుల్లో నీరు దిగిపోతే దూరంనుంచి మోసుకురావాలి. దుమ్ము పట్టిన మిరపకాయకి, పత్తికి రేటు తగ్గితే ఆ లోటుని ఇంటి ఖర్చులో సర్దాలి. ఒక సమాజశాస్త్ర విద్యార్థిగా నాకు ఇక్కడ కనిపించేది పాత సూత్రమే. ఇంట్లో స్త్రీల వేతనం లేని శ్రమ మీద ఎలాగైతే బయట వేతనాలు తక్కువగా నిలబడతాయో, అలాగే ఊరి స్త్రీల వేతనం లేని శ్రమ మీద సిమెంటు బస్తా చౌకగా నిలబడుతోంది. ఉద్యోగాల లెక్క చెప్పేవాళ్ళు ఈ పనినీ లెక్కపెట్టి చెప్పాలి.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఈ దుమ్మూ, భూమిని వేడెక్కించే వాయువూ ఒకటి కాదు. కార్బన్ ధర పెట్టినంత మాత్రాన దుమ్ము తగ్గదు. ఒక్కోసారి ఎదురు జరగొచ్చు కూడా. బొగ్గు తగ్గించామని చూపించుకోవడానికి నగరాల చెత్త, పాత టైర్లు, ప్లాస్టిక్కు కొలిమిలో కాలిస్తే కార్బన్ లెక్కలో మేలు కనిపించవచ్చు. ఆ ఊరివాళ్ళు పీల్చే గాలి ఏమవుతుందో ఆ లెక్కలో ఉండదు. నగరంలో ఆ ప్లాస్టిక్కు ఏరుకుని బతికే ఆడవాళ్ళ గతి ఏమిటో అసలే ఉండదు. అందుకే ధర ఎంత అన్నదొక్కటే మనకి చాలదు. దేన్ని కొలుస్తున్నారు, ఎవరి ముందు కొలుస్తున్నారు అన్నదీ మన ప్రశ్న కావాలి.

రెండోది, సిమెంటు ధర. ఇది కొట్టిపారెయ్యకూడని వాదన. ప్రభుత్వ గృహ పథకాల్లో ఇళ్ళు స్త్రీల పేరు మీదే వస్తున్నాయి, చాలీచాలని ఆ మొత్తానికి అప్పు తెచ్చి కలిపి గోడలు లేపుతున్నదీ వాళ్ళే. బస్తాకి పది రూపాయలు పెరిగినా వాళ్ళకి భారమే. అయితే ఎంత పెరుగుతుందో లెక్క వేద్దాం. 50 కిలోల బస్తా తయారీలో సుమారు 30 కిలోల వాయువు వెలువడుతుంది. టన్నుకి వెయ్యి రూపాయల ధర అని ఊహించుకుందాం. వదిలిన ప్రతి కిలోకీ కట్టవలసి వస్తే బస్తాకి 30 రూపాయలు అవుతుంది. కానీ మన నియమంలో లక్ష్యం దాటినదానికే కట్టాలి. ఫ్యాక్టరీ లక్ష్యాన్ని నాలుగు శాతం మేర తప్పిందనుకుంటే కట్టవలసింది బస్తాకి ఒక రూపాయి ఇరవై పైసలు. పర్మిట్లు కూడా కొనకుండా రెట్టింపు పరిహారం కట్టినా రెండు రూపాయల నలభై పైసలు.

దీన్ని ఇంకో అంకెతో పోల్చండి. బొగ్గు సెస్సు రద్దయిన రోజే సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకి ముందు 300 రూపాయలున్న బస్తా మీద ఈ తగ్గింపు 30 రూపాయలు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే కార్బన్ ధర పూర్తిగా పెట్టి కూడా, ఆ భారం పేద ఇంటి మీద పడకుండా చూడగలదు. వసూలైన డబ్బులోంచే గృహ పథకాల స్త్రీలకి బస్తాల మీద నేరుగా సాయం ఇవ్వగలదు. పేదలకి చౌకగా ఇవ్వాలంటే పేదలకే ఇవ్వాలి. ఆకాశహర్మ్యాలకీ, ఎక్స్‌ప్రెస్ హైవేలకీ పోయే సిమెంటుకి కూడా కలిపి రాయితీ ఇచ్చి, దాని మీద ఆమె పేరు రాయడం న్యాయం కాదు.

మూడోది, మనది పేద దేశం అన్న వాదన. ఇందులో చారిత్రక సత్యం ఉంది. భూమిని ఇంత వేడెక్కించింది ముందుగా పారిశ్రామికీకరణ చెందిన దేశాలు. మన తలసరి బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అంతర్జాతీయ వేదికల మీద ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. కానీ ఆ సగటు ఎందుకంత తక్కువగా ఉంది? కట్టెల పొయ్యి మీద వండేవాళ్ళు, కాలినడకన పనికి పోయేవాళ్ళు, ఒక్క బల్బు కింద బతుకు వెళ్ళదీసేవాళ్ళు కోట్లలో ఉన్నారు కాబట్టి. వాళ్ళ లేమి వల్ల తగ్గిన సగటుని చూపించి పెద్ద పరిశ్రమలు మినహాయింపు తెచ్చుకుంటే దాన్ని ఏమనాలి? పేదరాలి కొంగు చాటున దాక్కోవడం అనాలి. ప్రపంచం ముందు న్యాయం అడిగే దేశం తన ఇంట్లోనూ అదే న్యాయం పాటించాలి.

ఇతర దేశాల అనుభవం ఏం చెప్తుంది? యూరప్ 2005లో కార్బన్ పర్మిట్ల మార్కెట్ పెట్టింది. పరిశ్రమలు తరలిపోతాయన్న భయంతో పర్మిట్లలో చాలాభాగం ఉచితంగా పంచింది. మొదటి విడతలో ఎంత ఎక్కువ పంచారంటే 2007కల్లా వాటి ధర దాదాపు సున్నాకి పడిపోయింది. తరవాత నియమాలు మార్చారు. ఉత్పత్తి పాత స్థాయిలో సగానికంటే తగ్గితే ఉచిత పర్మిట్లలో కోత పెడతామన్నారు. దాంతో 2012లో గిరాకీ లేకపోయినా ఆ గీత దాటడం కోసం సిమెంటు కంపెనీలు కొన్ని క్లింకర్ ఉత్పత్తి పెంచాయని అక్కడి ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపించారు. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన నియమం కాలుష్యం చేసినవాళ్ళకే బహుమానం ఇచ్చిందన్నమాట. మొత్తం పర్మిట్లలో 40 శాతానికి పైగా ఇంకా ఉచితంగానే పోతున్నాయని, నిజంగా అవసరమైనవాళ్ళకే ఇచ్చి ఉండాల్సిందని 2020లో యూరోపియన్ ఆడిటర్ల కోర్టు తప్పుపట్టింది. ఒకసారి ఇచ్చిన రాయితీని వెనక్కి తీసుకోవడానికి ఎంతకాలం పడుతుందో కూడా అక్కడ చూడొచ్చు. సిమెంటు, ఉక్కు వంటివాటికి ఉచిత పర్మిట్లు పూర్తిగా ఆగేది 2034లో. అంటే మొదలుపెట్టిన ముప్ఫయ్యేళ్ళకి.

అదే యూరప్ ఇప్పుడు బయటినుంచి వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు వంటి సరుకుల మీద సరిహద్దులో కార్బన్ సుంకం పెట్టింది. 2023 అక్టోబరు నుంచి లెక్కలు అడిగింది, 2026 జనవరి నుంచి వచ్చే సరుకుకి డబ్బు కట్టాలంటోంది. ఇరవయ్యేళ్ళు తన పరిశ్రమకి ఊరికే పంచి, ఇప్పుడు మనల్ని కట్టమనడం అన్యాయమే. అయితే ఆ నియమంలోనే ఒక వెసులుబాటు ఉంది. సరుకు తయారైన దేశంలో కట్టిన కార్బన్ ధరని అందులోంచి మినహాయిస్తారు. మనం ఇక్కడ వసూలు చెయ్యకపోతే అక్కడ వసూలు చేస్తారు. ఇక్కడ వసూలైన డబ్బుతో మన ఊళ్ళో ఆసుపత్రి కట్టమని అడగొచ్చు. బ్రస్సెల్స్‌లో జమైన డబ్బుని మనం ఏం అడుగుతాం? యూరప్‌ని తిట్టడం, మన పరిశ్రమని వదిలెయ్యడం రెండూ ఒకే దేశభక్తి కింద చెల్లుబాటవుతున్నాయి. స్త్రీల ఉద్యమం ఈ రెంటిలో ఒకటి ఎంచుకోనక్కర లేదు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన విషయం. ప్రభుత్వం దగ్గరనుంచి ఏదైనా పొందాలంటే ఆడవాళ్ళు ఎన్ని పరీక్షలు దాటాలో మీకు నేను చెప్పక్కర లేదు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి అన్ని పనిచోట్లా రోజుకి రెండుసార్లు ఫోటో దిగాలన్నారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి లేదు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే కూలి అన్నారు. చివరికి ఆ చట్టం స్థానంలోనే 2025 డిసెంబరులో పార్లమెంటు ఇంకో చట్టం తెచ్చింది. వితంతు పింఛను కావాలంటే బతికున్నానని రుజువు చూపించాలి. గ్యాస్ సబ్సిడీకి వేలిముద్ర ఇవ్వాలి. పొదుపు సంఘం అప్పుకి మినిట్స్ పుస్తకం, తీర్మానం, హాజరు, కిస్తీల చరిత్ర అన్నీ చూస్తారు. కొన్ని వందల రూపాయల కోసం ఆమె ఇంత లెక్క చెప్పాలి.

ఫ్యాక్టరీకి ఉచితంగా ఇచ్చే ఉద్గారాల హక్కుకి ఏ లెక్క అడుగుతున్నారు? ఆ రాయితీతో ఎన్ని ఉద్యోగాలు నిలిచాయి, అందులో ఆడవాళ్ళవెన్ని, కాంట్రాక్టువెన్ని అని ఏ ఫారంలో ఉంది? మిగిలిన డబ్బుతో పాత కొలిమి మార్చారా, వాటాదార్లకి పంచారా అని ఎవరు తనిఖీ చేస్తున్నారు? ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం కనీసం ఊళ్ళో ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. అది ఎలా జరుగుతుందో మనకి తెలుసు, అయినా మైకు పట్టుకుని ఒక ఆడమనిషి నాలుగు మాటలు అడిగే చోటు అది. కార్బన్ లక్ష్యాలకి ఆపాటి చోటు కూడా లేదు. హిందీ, ఇంగ్లీషు గెజెట్లో ముసాయిదా వేసి అభ్యంతరాలు పంపమంటారు. ఆ ఫ్యాక్టరీ గోడ పక్కన ఉండే ఊరికి ఆ గెజెట్ చేరదు.

అందుకని ఈ విషయంలో మనం అడగవలసినవి నాకు నాలుగు కనిపిస్తున్నాయి. మొదటిది, పరిశ్రమకిచ్చే ప్రతి సడలింపునీ రూపాయల్లో లెక్కగట్టి, ఫ్యాక్టరీ పేరుతో సహా, తెలుగులో, ఆ గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. లబ్ధిదారుల జాబితా పేదలకి పెట్టినట్టే వాళ్ళకీ పెట్టాలి. రెండోది, ఉద్యోగాల పేరుతో తీసుకున్న సడలింపుకి ఉద్యోగాల షరతు ఉండాలి. కాంట్రాక్టు స్త్రీలతో సహా అందరికీ పీఎఫ్, ఈఎస్ఐ, సమాన వేతనం ఇవ్వనివాళ్ళకి ఉచిత పర్మిట్లు ఇవ్వకూడదు. మూడోది, ప్రతి సడలింపుకీ గడువు ఉండాలి. గడువులోగా క్లింకర్ వాడకం ఇంత తగ్గాలి, దుమ్ము ఇంతకు మించకూడదు అన్న కొలతలు ఉండాలి. నాలుగోది, వసూలైన డబ్బులో కొంత భాగం ఆ ప్రాంతానికే రావాలి. గనులున్న జిల్లాల కోసం 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. అందులోనూ నిర్ణయాలు అధికారులవీ, నాయకులవీ అయిపోతున్నాయి. కొత్త డబ్బు వస్తే దాని ఖర్చుని గ్రామసభలో, ఆడవాళ్ళు సగం మంది ఉన్న సభలో, తీర్మానించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలని ఎవరైనా అంటే మన చరిత్రే జవాబు చెప్తుంది. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రభుత్వం చెప్పిన మొదటి జవాబు ఆదాయం. సారా డబ్బు లేకపోతే రాష్ట్రం ఎలా నడుస్తుందన్నారు. ఆ ఆదాయం ఎవరి ఇంటి గిన్నెల్లోంచి వస్తోందో ఆడవాళ్ళు లెక్క చెప్పారు. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించినప్పుడు మళ్ళీ అదే మాట, ఆదాయం. సడలింపు అన్న మాట మనకి కొత్తది కాదు. ఎప్పుడు సడలించినా ఖజానాకి ఎంత, పరిశ్రమకి ఎంత అన్న లెక్కలు వేసేవాళ్ళున్నారు. ఇంటికి ఎంత అన్న లెక్క వెయ్యడం మన పనయింది.

సిమెంటుకి పెట్టిన మొదటి లక్ష్యాల గడువు 2026-27తో ముగుస్తుంది. ఆ తరవాతి లక్ష్యాలు నిర్ణయించేటప్పుడు పరిశ్రమ సంఘాలు తమ నివేదికలతో ఢిల్లీలో ఉంటాయి. సున్నపురాయి ప్రాంతాల్లో పనిచేసే మన సంఘాలు ఇప్పటినుంచే తమ తమ ఊళ్ళల్లో ఒక చిన్న పని మొదలుపెట్టవచ్చు. దుమ్ము తుడవడానికి, నీళ్ళు మొయ్యడానికి, ఆసుపత్రికి తిప్పడానికి ఒక్కో ఇంట్లో ఆడవాళ్ళకి నెలకి ఎన్ని గంటలు, ఎన్ని రూపాయలు పోతున్నాయో పుస్తకంలో రాయడం. సంఘం లెక్కలు రాయడం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది వస్తుంది. ముసాయిదా వచ్చినప్పుడు మన అభ్యంతరంతో పాటు ఆ పుస్తకాలూ పంపుదాం.